ఆయాకి ఓర్పు కాదు, చదువు కావాలి

హైదరాబాదులో, విజయవాడలో వృద్ధాశ్రమాలు వీధివీధినా లేస్తున్నాయి. అక్కడ మతి తప్పిన ముసలివాళ్ళ ఉచ్చగుడ్డలు మార్చేదెవరు? అన్నం కలిపి నోట్లో పెట్టేదెవరు? మన మాలమాదిగ వాడల నుంచి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఎంతమందో! ఊళ్ళో పురుళ్ళు పోసి, చచ్చిన గొడ్లను మోసిన జాతికి పట్నం ఇచ్చిన కొత్త పేరు ‘కేర్ టేకర్’.

డాక్టర్లు ఈ జబ్బును డిమెన్షియా అంటారు. 2023లో వెలువడిన ఒక జాతీయ సర్వే లెక్కన మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. ఇది ఉత్త మతిమరుపు కాదు. మనిషి కొడతాడు, గిల్లుతాడు, చీకటి పడేసరికి ‘మా ఇంటికి పోతా’నని తలుపులు బాదుతాడు. మొదటి రోజు ఆయాకి చెప్పేదేమిటి? ‘ఓర్చుకో అమ్మా, పుణ్యం వస్తుంది’. ఓర్పు మనకి కొత్తగా నేర్పాలా?

నేర్పవలసింది వేరే ఉంది. కొట్టే చెయ్యి వెనక భయమో నొప్పో ఉంటుంది. ఉచ్చలో మంట, మలబద్ధకం, పంటిపోటు — నోటితో చెప్పలేక చేత్తో చెబుతాడు. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి ఇవాళ తిరగబడితే డాక్టర్ని పిలవాలి, చేతులు మంచానికి కట్టకూడదు. వెనకనుంచి వచ్చి బట్టలు విప్పకూడదు. ఎదురుగా వచ్చి, పేరుతో పిలిచి, ఒకసారి ఒక్క మాటే చెప్పాలి. ‘మా అమ్మేదీ?’ అని ఎనభయ్యేళ్ళ మనిషి అడిగితే ‘ఎప్పుడో చచ్చిపోయింది’ అనడం నిజమే. ఆ నిజం అతనికి ప్రతిసారీ కొత్త చావే. ‘మీ అమ్మ ఏం వండేది?’ అని అడగాలి. స్నానం వద్దని మొండికేస్తే అరగంట ఆగి రావాలి.

అరగంట ఆగాలంటే ఆయాకి అరగంట ఉండాలి గదా! పదిమందికి ఒక్క ఆయాని పెడితే ఏ పాఠం నిలుస్తుంది? అప్పుడు మత్తుమాత్రలే దిక్కు. పిచ్చికి వాడే మందులు ఈ ముసలివాళ్ళకి చావు ప్రమాదం పెంచుతాయని అమెరికా మందుల శాఖ 2005లోనే హెచ్చరించింది.

ఇక ఎవరూ నోరెత్తని సంగతి. ఈ జబ్బులో నిన్నటి రోజు పోతుంది, డెబ్భై ఏళ్ళ కిందటి ఊరు మిగులుతుంది. ఆ ఊరు ఎలాంటిదో మనకి తెలుసు. ‘ఛీ, ముట్టుకోకే మాదిగదానా’ అంటుంది పెద్దామె, తన మలం కడుగుతున్న మనిషిని. ఆమె మీద కేసు పెట్టమని మేం అనం. ఆమె మెదడు ఆమె చేతిలో లేదు. యజమాని మెదడు బాగానే ఉందే! ‘నీ కులం చెప్పకు, పేరు మార్చుకో’ అనేవాడికి ఏ జబ్బు? ‘ఆమె మాట జబ్బు, నీ తప్పు కాదు, కాసేపు బయట కూర్చో, మేం చూసుకుంటాం’ అనాలి. అంతేగానీ కులం చూసి డ్యూటీలు వేస్తే ఒప్పుకోం.

అమెరికాలో 1987 నాటి చట్టం నర్సింగ్ హోమ్ సహాయకులకి కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది. 2010లో డిమెన్షియా పాఠం చేర్చారు. అక్కడా ఆ చాకిరీలో నల్లజాతి ఆడవాళ్ళు చాలామంది, అక్కడా కూలి తక్కువే. అయినా గంటల లెక్క చట్టంలో ఉంది. జిల్లాకో వృద్ధాశ్రమం, 150 మందికి చోటు అని రాసుకున్న మన 2007 చట్టంలో ఆయా చదువు ఊసేదీ?

పనిలో చేరకముందే, జీతమిచ్చి, తెలుగులో నేర్పాలి. సర్టిఫికెట్ ఆయా చేతిలో ఉండాలి, ఏజెన్సీ బీరువాలో కాదు. దానికి తగ్గట్టు కూలి పెరగాలి. కార్యకర్తలారా, పండక్కి ఊరొచ్చిన ఆయాలని అడగండి. రాత్రి ఎంతమందికి ఒకరు? పని నేర్పిందెవరు? దెబ్బ తగిలితే మందుల ఖర్చెవరిది? పేర్లు లేకుండా రాసి మాకు పంపండి.