చెప్పేవాడు కావాలి

మాది గోదారి డెల్టాలో కాలవగట్టు పక్క పేట. అమ్మ ఊడ్పులకెళ్లేది, అయ్య కోతలకెళ్లేవాడు. ఆ ఇద్దరి రెక్కల మీద నేను ఎమ్మే చదివాను, పీహెచ్‌డీలో చేరాను.

గైడు గదిలో అగ్రకులాల పిల్లలు కుర్చీల్లో కూర్చునేవారు. వ్యాసం ఏ పత్రికకి పంపాలో, నెట్‌కి ఏం చదవాలో, ఏ కాలేజీలో పోస్టు పడబోతోందో వాళ్లకి కాఫీ తాగుతూనే తెలిసిపోయేది. నేను సంతకం కోసం గుమ్మంలో కాసుకునేవాణ్ణి. మొదటి లెక్చరర్ ఇంటర్వ్యూలో నన్ను సబ్జెక్టు అడగలేదు. మీ నాన్నేం చేస్తాడని అడిగారు. తర్వాత తగిన అభ్యర్థి దొరకలేదని రాసుకుని రిజర్వుడు పోస్టు ఖాళీగా ఉంచారు. దీని పేరు మెరిట్! కుసుమ ధర్మన్న ఈ రాజమండ్రిలోనే నల్లదొరతనం మాకొద్దన్నాడు. ఆ దొరతనం ఇప్పుడు సెలక్షన్ కమిటీలో కూర్చుంది.

నన్ను లెక్చరర్ని చేసింది మాదిగపేటలో పుట్టిన వొక మాస్టారు. ఆదివారాలు ఖాళీ క్లాసురూములో నాచేత పాఠం చెప్పించి తప్పులు దిద్దేవాడు. "నీకు రాక కాదురా అబ్బాయ్, నీకెవడూ చెప్పక" అనేవాడు. ఊడ్పుల్లో కొత్తగా దిగిన పిల్ల పక్కన పాతమనిషి నిలబడుద్ది, నారు ఎలా పట్టాలో చూపిద్ది. మా అమ్మ చేసిన కూలిపనిలో ఉన్న ఆపాటి న్యాయం యూనివర్సిటీలో లేదు.

2018లో కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిపార్ట్‌మెంటుకొక రోస్టరు రాయమంది యూజీసీ. ఆ లెక్కలో ఏడో పోస్టు దాకా ఎస్సీకి వంతు రాదు. అంతమంది ఉండే డిపార్ట్‌మెంట్లెన్ని? మనవాళ్లు రోడ్డెక్కారు. 2019లో చట్టమొచ్చింది, మళ్లీ సంస్థ మొత్తాన్నీ వొకే యూనిట్ చేశారు. సరే, పోస్టు దక్కించుకున్నాం. ఆ పోస్టు దాకా మన పిల్లని నడిపించేదెవరు?

మనవాళ్లనే అడుగుతున్నాను. ప్రొఫెసర్లయిన అన్నల్లారా, అక్కల్లారా, మీ గది తలుపు పేట పిల్లకి తెరిచి ఉందా? చదువుకున్నవాళ్లే నన్ను మోసం చేశారని 1956లో ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడింది ఎవరి గురించి?

డిగ్రీ కాలేజీ ఉద్యోగం చిన్నదనకండి. 1895లో హార్వర్డ్‌లో డాక్టరేట్ అందుకున్న మొదటి నల్లవాడు డుబాయిస్. ఆయన ఏళ్ల తరబడి పాఠం చెప్పింది అట్లాంటాలో నల్లపిల్లలకే. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఆయనకే. అమలాపురంలోనో, కొవ్వూరులోనో బస్సు దిగి కాలేజీకొచ్చే కూలోళ్ల పిల్ల, బోర్డు ముందు తన పేట మనిషి నిలబడటం వొక్కసారి చూడాలి. తనూ అక్కడ నిలబడొచ్చని అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు నా ఆదివారాలు ముగ్గురు రీసెర్చి పిల్లలవి. నిరుడు వొకమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్లింది. మీ నాన్నేం చేస్తాడని ఆమెనీ అడిగారు. "వరి పండిస్తాడండి. ఇక నా సబ్జెక్టు అడగండి" అంది.

అడిగారు. ఇప్పుడా అమ్మాయి పాఠం చెబుతోంది. మీ ఆదివారాలు ఎవరికిస్తున్నారు?