అక్షరముల కుత్తుక నొక్కకుడు

అక్షరము చదువుటకే పుట్టినది. ఈ సామాన్యసత్యమును సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఫ్లెక్సీలు కట్టించువారును, గోడపత్రికలు వేయించువారును మఱచిరని మేము చెప్పవలసి వచ్చినది. హైదరాబాదు–విజయవాడ రహదారిమీది మొదటి రెండూళ్ళలోను, బియ్యపు మిల్లులకు బేరొందిన మూడవదానిలోను, లావుగా నుబ్బించి, ఇరుప్రక్కల నదిమి, రంగుల యంచులు దిద్దిన యక్షరములు కోకొల్లలు. నాయకుని పేరు ఆమడ దూరమునకు గనబడును; సభ యెచ్చట, ఎన్నడు అనునది దగ్గఱకు బోయినను దెలియదు.

లావైన యిఱుకు అక్షరములను మేము ద్వేషించుట లేదు. కొలది చోటులో బెద్ద మాటను దూరమునకు జూపుట వాని పని. 1827లో న్యూయార్కు నగరమున డేరియస్ వెల్స్ యంత్రముతో గొయ్య యక్షరములు చేయ మొదలిడినది పెద్ద ప్రకటనల కొఱకే. 1965 నాటి ఇంపాక్టు అను నింగ్లీషు అక్షరమును అట్టిదే. కాని యది తొలుతనే యిఱుకుగా గీయబడినది. ఇచ్చటి దుకాణములలో జరుగునది వేఱు. వెడల్పైన యక్షరమును కంప్యూటరులో బ్రక్కలనుండి నొక్కుదురు. అందుచే నిలువు గీతలు సన్నగిలును. అడ్డగీతలు మునుపటి లావుననే యుండును. అక్షరము రూపు చెడును.

ఇంగ్లీషు పెద్దబడి యక్షరములు ఒక్క యెత్తున నిలుచును. మన లిపికి బైన తలకట్టు, గుడి, క్రింద వత్తు. 'రాష్ట్రము' అను మాటలో నొక్క యక్షరమునకే రెండు వత్తులు. పంక్తులను దగ్గఱ జేర్చినచో బై వత్తు క్రింది గుడిని గ్రుద్దును. థకారమునకును ధకారమునకును భేదము కడుపులోని చుక్క. లావు పెరిగి కడుపు పూడినచో 'కథ' 'కధ' యగును; 'అర్థము' సగమైపోవును. బడిపిల్లలకు ఈ గోడలే రెండవ వాచకము!

"దూరమునకు గనబడవలదా?" యని వర్తకులందురు. కనబడుట వేఱు, చదువబడుట వేఱు. "మంచి యక్షరములు దొరకవు" అనుటయు గల్ల. శీర్షికలకు దగిన లావుగల రామభద్రను సిలికానాంధ్ర వారు ఉచితముగా నిచ్చిరి. 2022లో ఎక్ టైప్ వారు వెలువరించిన అనేక్ తెలుగులో, సన్నమునుండి లావు వఱకును, ఇఱుకునుండి వెడల్పు వఱకును అన్ని రూపములు గలవు, అదియు నుచితమే. కావున లోపము ధనమున గాదు, శ్రద్ధయందే.

ఈ సీమకు దెలుగక్షరము తేరగా వచ్చినది కాదు. నిజాము పాలనలో ఉర్దూ రాజభాషగా నుండగా, 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నల్లగొండనుండి నీలగిరి పత్రికను నడపిరి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. ఆ సురవరము వారి పేరనే నేడొక తెలుగు ఫాంటు గలదు. వారు ప్రజలచే జదివింప బాటుపడిన యక్షరమును మనము చదువరాకుండ జేయుట న్యాయమా?

ప్రకటన వేయించువారలారా! అచ్చునకు ముందు దానిని, క్రొత్తగా జదువు నేర్చిన యొక కూలివానికి, పది బారల దూరమున నిలిపి చూపుడు. అతడు తడుముకొన్నచో డబ్బీయకుడు, మరల గూర్పించుడు.