ఆట అయిపోగానే బస్సెక్కించకండి

సాయంత్రం నాలుగున్నర దాటిందంటే మన హాస్టళ్లలో వాలీబాల్ చప్పుడు వినపడని రోజు ఉండదు. రెండు గుంజలు, ఒక నెట్టు, ఒక బంతి ఉంటే చాలు, పన్నెండు మంది ఆడుకోవచ్చు. ఖర్చు తక్కువ, సరదా ఎక్కువ. అందుకే ఈ ఆట మనదైంది. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ఆట గురించే ఒక మాట మీ ముందు పెట్టదలచుకున్నాం. ఒక విద్యార్థి జట్టు పరాయి దేశానికి వెళ్తే ఆడి రావడంతో సరిపెట్టుకోవాలా? ఆ దేశాన్ని చూసి కూడా రావాలా? రెండూ చేయాలనీ, ఆ భాగ్యం మన హాస్టల్ జట్లకూ దక్కాలనీ మా అభిప్రాయం.

ముందుగా ఈ పని ఇప్పటికే చేస్తున్న వాళ్ల సంగతి చూద్దాం. అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. పెద్ద విశ్వవిద్యాలయాలు ఆడే మొదటి డివిజన్‌లో ఒక జట్టు నాలుగేళ్లకోసారి విదేశీ యాత్ర చేయడానికి దాని నియమావళిలో చాలాకాలంగా వీలుంది. యాత్ర సెలవుల్లోనే జరగాలి. బయల్దేరే ముందు పది రోజులు ప్రాక్టీసు చేసుకోవచ్చు. అక్కడ డిగ్రీ నాలుగేళ్లు. జట్టు ఆ అవకాశాన్ని వాడుకుంటే, చేరిన ప్రతి ఆటగాడికీ పట్టా చేతికొచ్చేలోగా ఒక్కసారైనా దేశం దాటే యోగం ఉంటుంది.

వాలీబాల్ జట్లకు బాగా అలవాటైన దారి ఉత్తర ఇటలీ, స్లోవేనియా, క్రొయేషియా. ఉదయం వెనిస్ కాలువల్లో పడవెక్కిన పిల్లలు సాయంత్రం అక్కడి క్లబ్బుతో మ్యాచ్ ఆడతారు. మర్నాడు బ్లెడ్ సరస్సు నడుమ దీవి మీదున్న చర్చి చూస్తారు. 2023లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం అమ్మాయిల జట్టు బ్రెజిల్ వెళ్లి ఆడి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 30న సొంతూరు లింకన్‌లో ఆ అమ్మాయిల మ్యాచ్ చూడటానికి 92,003 మంది వచ్చారు. యాత్ర వల్లనే జనం వచ్చారని మేము అనడం లేదు. ఆటకు అంత విలువ ఇచ్చే చోట ఆటగాళ్ల యాత్రను దండగ అనరని మాత్రం చెప్పగలం.

ఇంకో సంగతి ఆలోచించండి. స్లోవేనియా జనాభా దాదాపు 21 లక్షలు. 2011 లెక్కల్లో మన ఉమ్మడి విజయనగరం జిల్లా జనాభాయే 23 లక్షలు. ఒక జిల్లా కంటే చిన్నదైన ఆ దేశపు పురుషుల జట్టు 2015, 2019, 2021 యూరప్ ఛాంపియన్‌షిప్‌లలో రజత పతకాలు గెలిచింది. ఇది పేపర్లో చదివితే ఒక వార్త. అక్కడి కోర్టులో నిలబడి, అక్కడి పిల్లలు ఎలా సాధన చేస్తున్నారో కళ్లారా చూస్తే, ‘మా జిల్లా ఎందుకు చేయలేదు?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టడానికే యాత్ర కావాలి.

ఇదంతా ఉన్నవాళ్ల పిల్లల ముచ్చట అని కొట్టిపారేయకండి. జపాన్‌లో కైజుకా అనే ఊళ్లో నిచిబో వారి బట్టల మిల్లు ఉండేది. ఆ మిల్లులో ఉద్యోగం చేసే అమ్మాయిలదే ఒక వాలీబాల్ జట్టు. పగలు పని, ఆ తర్వాత రాత్రి దాకా సాధన. 1961లో ఆ జట్టు యూరప్ పర్యటనకు వెళ్లి ఆడిన మ్యాచ్‌లన్నీ గెలిచింది. ‘తూర్పుదేశపు మంత్రగత్తెలు’ అన్న పేరు వాళ్లకు పడింది అప్పుడే. 1962లో మాస్కోలో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. 1964లో టోక్యోలో వాలీబాల్‌ను మొట్టమొదటిసారి ఒలింపిక్స్‌లో ఆడించినప్పుడు స్వర్ణం గెలిచిన జపాన్ జట్టులో ఎక్కువ మంది ఆ మిల్లు అమ్మాయిలే. పని చేసుకుని బతికే ఇళ్ల ఆడపిల్లలకు యూరప్ ఎందుకని ఆనాడు వాళ్లను ఆపి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

ఇక మన సంగతి. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొదట అందుకున్నది మేమే. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒకసారి సముద్రం ఉన్న ఊరికి ఆడటానికి వెళ్లాం. రెండు రోజులు ఆడాం. గ్రౌండు నుంచి సముద్రం ఒక్క మైలు. తీసుకెళ్లిన పెద్దలు ఆట అయిపోగానే అన్నం పొట్లాలు చేతికిచ్చి బస్సెక్కించారు. మాలో సగం మంది అప్పటికి సముద్రం చూడనివాళ్లే. ఒక్క గంట ఆగితే పోయేదేమీ లేదు. ‘ఆటకొచ్చారు, ఆడారు, అయిపోయింది’ అన్నది వాళ్ల లెక్క.

ఈ లెక్క వల్ల జరిగే నష్టం ఒక్క సముద్రంతో ఆగదు. దూరపు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా వెళ్లకుండా ఉండిపోయిన వాళ్లు మనలోనే ఉన్నారు. మార్కులు తక్కువై కాదు, ఆ ఊరు ఎలా ఉంటుందో, రైలు ఎక్కడ మారాలో, ఎవరిని అడగాలో తెలియని భయంతో. షెడ్యూల్డు కులాల విద్యార్థులు విదేశాల్లో చదవడానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కానీ జిల్లా దాటని పిల్లవాడు ఆ దరఖాస్తు ఫారం దాకా వెళ్తాడా? ఉన్నవాళ్ల పిల్లలకు వేసవి సెలవుల్లో అమ్మానాన్నలు ఊళ్లు చూపిస్తారు. మనకు చూపించగలిగింది హాస్టలే.

చూపిస్తే ఏమవుతుందో మన గురుకులాలే నిరూపించాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లను ఒక్కసారిగా హిమాలయాల్లో దించలేదు. మొదట భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, తర్వాత లడాఖ్, ఆ పైన ఎవరెస్టు. మెట్టు మెట్టుగా లోకం చూపించారు.

‘మెస్ చార్జీలే చాలడం లేదు, మీకు ఫారిన్ టూర్లా?’ అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అన్నం, నీళ్లు, మరుగుదొడ్లు ముందు. వాటి నుంచి ఒక్క రూపాయి కూడా మళ్లించమని మేము అడగం. అయితే అవి పూర్తయ్యే దాకా మిగతా తలుపులన్నీ మూసి ఉంచాలంటే మాత్రం ఒప్పుకోం. అందుకే మెట్ల వరసలోనే మూడు పనులు సూచిస్తున్నాం.

మొదటిది పైసా ఖర్చు లేనిదే అనుకోవచ్చు. ఏ ఊరికి ఆడటానికి వెళ్లినా ఒక పూట ఆ ఊరు చూపించి తీసుకురావాలి. కోట, ఓడరేవు, విశ్వవిద్యాలయం, మ్యూజియం, ఏది ఉంటే అది.

రెండోది పాస్‌పోర్టు. పుట్టినతేదీ రుజువుకు స్కూలు సర్టిఫికెట్ చాలునని 2016 డిసెంబరులో నిబంధనలు సడలించారు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లకే జనన ధ్రువపత్రం తప్పనిసరి. అయినా టెన్త్ మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉండి మనవాళ్లు చిక్కుల్లో పడుతున్నారు. వార్డెన్లు టెన్త్‌లోనే ఈ కాగితాలు సరిచూపిస్తే సగం దారి నడిచినట్టే.

మూడోది అసలు యాత్ర. మొదటే ఇటలీ అక్కర్లేదు. వాలీబాల్ జాతీయ క్రీడగా ఉన్న దేశాలు రెండు మన పక్కనే ఉన్నాయి, శ్రీలంక, నేపాల్. నేపాల్ 2017లో ఆ ప్రకటన చేసింది. నేపాల్ వెళ్లడానికి మనకు పాస్‌పోర్టు కూడా అవసరం లేదు. పెద్దలకు ఓటరు కార్డు, 15 నుంచి 18 ఏళ్ల వారికి నిర్ణీత నమూనాలో ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం చాలు. విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్‌కు రైలుంది. అక్కడి నుంచి సునౌలి సరిహద్దు దాటితే బుద్ధుడు పుట్టిన లుంబినీ. కాట్మండూలోనే 1956 నవంబరులో, కన్ను మూయడానికి కొద్ది రోజుల ముందు, బాబాసాహెబ్ అంబేద్కర్ ప్రపంచ బౌద్ధ మహాసభలో ప్రసంగించారు. ఉదయం ఆ చోట్లు చూసి, సాయంత్రం అక్కడి విద్యార్థులతో ఒక మ్యాచ్ ఆడి వస్తే, అంతకు మించిన పాఠం ఏముంటుంది?

అమెరికా జట్లకూ ఆకాశం నుంచి డబ్బు ఊడిపడదు. పూర్వ విద్యార్థుల విరాళాలే చాలాచోట్ల ఆధారం. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలారా, అక్కలారా! ఏటా వార్షికోత్సవానికి వచ్చి షీల్డులు, గోడ గడియారాలు బహూకరిస్తున్నారు. సంతోషం. ఈసారి పన్నెండు మంది పిల్లలకు, ఇద్దరు టీచర్లకు గోరఖ్‌పూర్ రైలు టికెట్లు కొనే నిధికి ఆ డబ్బు వేయండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు ఆడండి. ఆట అయ్యాక ‘సార్, ఈ ఊళ్లో చూడదగ్గవి ఏమున్నాయి?’ అని భయపడకుండా అడగండి. అడగడం తప్పు కాదు, మన హక్కు.