పతకం లెక్క వేరు, బతుకు లెక్క వేరు

2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల హెప్టాథ్లాన్ ముగిసేసరికి తెలంగాణ అమ్మాయి నందిని అగసరకు 5,712 పాయింట్లు, బెంగాల్‌కు చెందిన స్వప్న బర్మన్‌కు 5,708 పాయింట్లు వచ్చాయి. రెండు రోజులు, ఏడు పోటీలు, ఆఖరికి నాలుగంటే నాలుగే పాయింట్ల తేడా. చివరి 800 మీటర్ల పరుగు నందినికి కాంస్యం తెచ్చిపెట్టింది. 2018 జకార్తాలో ఇదే అంశంలో స్వర్ణం గెలిచిన స్వప్న ఆ వెంటనే ఎక్స్‌లో ఒక మాట రాసింది. ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వల్ల తన పతకం పోయిందని, ఇది అథ్లెటిక్స్ నియమాలకు విరుద్ధమని, తన పతకం తనకు ఇప్పించాలని దాని సారాంశం. పేరు రాయలేదు. కాంస్యం గెలిచింది ఒక్కరే కాబట్టి రాయాల్సిన అవసరమూ లేకపోయింది. కొద్దికాలానికే ఆ మాటను తీసేసింది. ఆరోపణకు ఆధారమంటూ ఒక్క కాగితం ముక్క కూడా బయటికి రాలేదు, పతకం నందిని దగ్గరే ఉంది. టీ కొట్టు తండ్రి సంపాదనతో, సాంఘిక సంక్షేమ గురుకులం చదువుతో పైకొచ్చిన ఆ అమ్మాయి 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 5,941 పాయింట్లతో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం కూడా గెలిచింది.

తెలుగువాళ్ల మధ్య ట్రాన్స్‌జెండర్ల గురించి వాదన ఎప్పుడు రేగినా అది ఆటల దగ్గరే ఎందుకు మొదలవుతుంది, మొదలైనా అక్కడే ఎందుకు ఆగదు అన్నది నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న విషయం. తిరువూరు లాంటి ఊళ్లో టీ బల్ల ముందు పేపరు తిరగేస్తూ మాట్లాడుకునే నలుగురికి మహిళల హెప్టాథ్లాన్‌లో ఏడు పోటీలేమిటో తెలియకపోవచ్చు. ‘మగవాడు ఆడపిల్లలతో పరిగెడితే న్యాయమా’ అన్న ప్రశ్న మాత్రం అందరి నోటా సిద్ధంగా ఉంటుంది. న్యాయం కాదనే జవాబు రాగానే మాట పక్కదారి పట్టి, వాళ్లకు ఇల్లు అద్దెకిస్తామా, పనిలో పెట్టుకుంటామా, పింఛను ఎందుకివ్వాలి అన్న దాకా పోతుంది. పరుగు పందెంలో ఎవరు ఏ వరుసలో నిలబడాలన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని పట్టుకొచ్చి అద్దె ఇంటి తలుపు మీద అతికిస్తున్నాం. నా అభ్యంతరం ఈ అతికింపు మీదే. ఆటల ప్రశ్న నిజమైనదే గానీ చాలా చిన్నది. దానికి తీర్పరులున్నారు, కొలతలున్నాయి. దాన్ని బతుకు మొత్తానికి ప్రవేశపరీక్షగా మార్చినప్పుడు దెబ్బ తినేది ట్రాన్స్‌జెండర్లు మాత్రమే కాదు, కండ గట్టిగా ఉన్న ప్రతి ఆడపిల్లా తింటుంది.

ముందుగా ఆటల వాదనకు ఇవ్వాల్సిన విలువ ఇద్దాం. యుక్తవయసు దాటిన పురుష శరీరానికి ఎత్తు, ఎముక పొడవు, కండరం, ఊపిరితిత్తుల సామర్థ్యం ఎక్కువ. అగ్రశ్రేణి పరుగులో స్త్రీ పురుషుల మధ్య తేడా సుమారు పది నుంచి పన్నెండు శాతం. హార్మోన్లు తీసుకుంటే ఈ తేడా చెరిగిపోతుందని నమ్మేవాళ్లు 2020 చివర్లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనాన్ని చూడాలి. అమెరికా వైమానిక దళంలోని ట్రాన్స్ మహిళల ఫిట్‌నెస్ రికార్డుల్ని పరిశీలిస్తే, రెండేళ్ల హార్మోన్ చికిత్స తర్వాత పుషప్స్‌లో, సిటప్స్‌లో తేడా పోయింది, పరుగులో మాత్రం వాళ్లు తోటి మహిళల కన్నా ఇంకా 12 శాతం వేగంగానే ఉన్నారు. వాళ్లంతా సైనికోద్యోగులు, ఒలింపిక్ క్రీడాకారులు కారు, నిజమే. అయినా సందేహం గాలిలోంచి పుట్టలేదని ఒప్పుకోవడానికి ఇది చాలు. మహిళల విభాగాన్ని విడిగా ఉంచింది ఎందుకో గుర్తున్నవారెవరూ ఈ ప్రశ్న అడిగినవాళ్లను ద్వేషులని కొట్టిపారేయకూడదు.

అయితే ఈ ప్రశ్న తీర్పరులు లేక గాలికి తిరుగుతున్నదేమీ కాదు. పురుష యుక్తవయసు గడిచిన ట్రాన్స్ మహిళలు ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళల విభాగానికి అర్హులు కారని వరల్డ్ అథ్లెటిక్స్ 2023 మార్చిలోనే తేల్చింది. హాంగ్‌జౌలో గొడవ జరిగే నాటికి ఆ నియమం అమల్లో ఉంది. అదే ఏడాది నవంబరులో ఐసీసీ అంతర్జాతీయ మహిళా క్రికెట్‌కు ఇలాంటి నిబంధననే తెచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుంచి వరల్డ్ అథ్లెటిక్స్ ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్షను, అంటే పురుష శరీరాభివృద్ధికి మూలమైన జన్యువు ఉందో లేదో చూసే పరీక్షను, కూడా పెట్టింది. ఈ నిర్ణయాలతో ఏకీభవించేవాళ్లున్నారు, కటువైనవనేవాళ్లున్నారు. కానీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, మగవాళ్లు వరసకట్టి లోపలికొస్తున్నారు అన్న చిత్రం మాత్రం వాస్తవానికి చాలా దూరం. మన పిల్లలు వేలల్లో చదువుకుంటున్న అమెరికాలో ఈ అంశం అధ్యక్ష ఎన్నికలనే ఊపేసింది. అక్కడి కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024 డిసెంబరులో సెనేట్ కమిటీ ముందు చెప్పిందేమంటే, 5,10,000 మంది క్రీడాకారుల్లో తనకు తెలిసిన ట్రాన్స్‌జెండర్లు పది మంది కన్నా తక్కువ అని.

ఈ పదిలోపు మంది కోసం లేచిన అనుమానం ఎవరి మీద పడుతోందో చూడండి. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ లింగ పరీక్ష పేరుతో పతకం పోగొట్టుకుంది. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు, ఆడపిల్లగా పుట్టి పెరిగినదే. ఒడిశాలో చేనేత కుటుంబంలో పుట్టి హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ శిక్షణలో రాటుదేలిన ద్యుతీ చంద్‌ను 2014లో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. ఆమె శరీరం సహజంగా ఎక్కువ టెస్టోస్టిరాన్ తయారుచేస్తోందన్నది కారణం. ఆమె క్రీడా వివాదాల ఆర్బిట్రేషన్ కోర్టుకెళ్లి 2015 జులైలో ఆ నిబంధననే నిలిపివేయించింది. 2024 పారిస్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖెలీఫ్‌ను ప్రపంచమంతా మగవాడని తిట్టింది, ఆమె కూడా ఆడపిల్లగానే పుట్టి ఆడపిల్లగానే పెరిగింది. పుట్టుకతో వచ్చే లైంగిక అభివృద్ధి తేడాలు వేరు, ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం వేరు. టీవీ చర్చల్లో ఈ రెంటినీ కలిపి ఒకే మూట కట్టేశారు. ఆ మూటలో ఇప్పుడు ఏ ఆధారమూ లేకుండా ఒక అమ్మాయిని కూడా వేయగలుగుతున్నామని హాంగ్‌జౌ చూపింది. పక్కవాడికి న్యాయం జరగాలన్న పట్టుదల సరే, ఆధారం అడగాలన్న పట్టింపు ఏమైంది?

ఇక్కడే మన ఊరి సంగతికి రావాలి. గురుకులాల్లో, జిల్లా పరిషత్ హైస్కూళ్లలో కబడ్డీ ఆడే, గుండు విసిరే అమ్మాయిలు ఎక్కువగా కూలీల ఇళ్ల నుంచి వచ్చినవారే. ఎండన పడి పనిచేసిన ఒళ్లు, కత్తిరించిన జుట్టు, బొంగురు గొంతు ఉన్న పిల్లను ‘మగరాయుడు’ అనడం మనకు కొత్త కాదు. ఒకప్పుడు అది ఎగతాళితో పోయేది, ఇప్పుడు దానికి క్రీడాన్యాయం అనే పెద్ద పేరు తోడైంది. వరల్డ్ అథ్లెటిక్స్ నియమం పెట్టింది ప్రపంచ ర్యాంకింగ్ పోటీలకు. మండల స్థాయి పాఠశాల ఆటల్లో పన్నెండేళ్ల పిల్ల శరీరం గురించి పీఈటీ సారుకో, ఓడిపోయిన జట్టు తల్లిదండ్రులకో ఆ నియమం ఏ అధికారమూ ఇవ్వలేదు.

ఇక ఆటస్థలం దాటి వీధిలోకి వస్తే లెక్కలు పూర్తిగా మారిపోతాయి. 2011 జనగణనలో ‘ఇతరులు’ అని నమోదైనవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. నమోదుకు జంకినవాళ్లను కలిపితే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉండాలి. వీళ్లలో అంతర్జాతీయ పోటీలకు వెళ్లేవాళ్లు దాదాపు లేరు. అద్దె ఇల్లు, ఆసుపత్రి, ఆధార్ కార్డు, పని కావలసినవాళ్లు మాత్రం అందరూ. తిరువూరు దగ్గర వీళ్ల చరిత్ర మరీ విచిత్రంగా కనిపిస్తుంది. విజయవాడ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు దాటి కొద్ది దూరం పోగానే ఖమ్మం జిల్లాలో పడుతుంది. ఒకప్పుడు ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నిజాం రాజ్యం. నిజాం ప్రభుత్వం 1919లో, అంటే 1329 ఫసలీలో, హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చింది. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, ఆడవేషంలో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు వేయవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు కలిసి విడిపోయాయి, ఆ చట్టం మాత్రం తెలంగాణ ప్రాంతంలో పుస్తకాల మీద అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు వేసిన పిటిషన్ మీద 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి ధర్మాసనం దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా పరిస్థితి అదే. ఇలాంటివన్నీ పశ్చిమ దేశాల నుంచి దిగుమతి అయిన పోకడలనేవాళ్లు ఈ వరస ఒకసారి గమనించాలి. విరాటుడి కొలువులో ఉత్తరకు నాట్యం నేర్పిన బృహన్నలను తిక్కన నాటి నుంచి మనం తప్పుపట్టింది లేదు. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో రాయాలన్న బుద్ధికి మూలం 1871 నాటి బ్రిటిష్ నేరస్థ తెగల చట్టం, నిజాం చట్టం దానికి తోబుట్టువు.

రైళ్లలో, కొత్త దుకాణాల దగ్గర, గృహప్రవేశాల్లో డబ్బు కోసం గొడవ చేస్తారు, వాళ్ల సంగతేమిటి అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిందే. బెదిరించి డబ్బు గుంజితే అది నేరం, చేసింది ఎవరైనా. పోలీసులకు ఫిర్యాదు చేయడానికి ఎవరికీ అడ్డు లేదు. గొలుసు దొంగల్లో అత్యధికులు మగవాళ్లని మగవాళ్లెవరికీ ఇళ్లు అద్దెకివ్వడం మానేశామా? చేసిన పనికి శిక్ష చేసినవాడికి వేసి, చేయనివాళ్లకు పని దొరికే దారి చూపడం ఒక్కటే ఇక్కడ పనికొచ్చే విధానం. ఇంట్లోంచి గెంటేస్తే పదిహేనేళ్ల వయసులో హిజ్రా గురువు పంచన చేరడం తప్ప వేరే దిక్కు లేని పిల్లలు రైలెక్కుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. మంచిదే. కానీ ఒంట్లో సత్తువ ఉన్న మనిషికి పింఛను ఇచ్చి పని ఇవ్వకపోవడం అంటే ఓ మూల కూర్చోమని చెప్పడమే. మరుగుదొడ్ల గురించిన భయాన్ని కూడా తేలిగ్గా తీసుకోను. కాకపోతే మన చాలా బస్టాండ్లలో ఆడవాళ్లను భయపెట్టేది తలుపుకు గడియ లేకపోవడం, దీపం వెలగకపోవడం. వాటిని బాగుచేస్తే అందరికీ భద్రతే.

పని ఇస్తే ఏమవుతుందో చూడటానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో చేరిన తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వాళ్లు. 2024 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపిక జరిపినప్పుడు గోషామహల్ మైదానంలో అభ్యర్థులకు పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలు పెట్టారు. ఎంపికైన 44 మందిలో 29 మంది ట్రాన్స్ మహిళలు, 15 మంది ట్రాన్స్ పురుషులు. శిక్షణ పూర్తిచేసి 39 మంది విధుల్లో చేరారు. ఏ శరీరాల గురించి ఇంత రభస జరుగుతోందో ఆ శరీరాలే అక్కడ పరిగెత్తాయి, దూకాయి, గుండు విసిరాయి. దాంతో ఎవరి పతకమూ పోలేదు. కూడలిలో నిలబడి బండ్లు ఆపే ఉద్యోగానికి దమ్ము ఉందా లేదా అన్నదొక్కటే చూశారు. వేరు ప్రశ్నకు వేరు కొలత ఉండాలంటే ఇలాగే ఉంటుంది. రిజర్వేషన్ల వల్ల మా పిల్లల సీట్లు పోతాయన్న బెంగకు కూడా జవాబు ఇందులో కొంత ఉంది. నలభై నాలుగు ఉద్యోగాలు ఏ వర్గం నోటి దగ్గర కూడూ లాక్కోలేదు. సీట్ల లెక్కల మీద వాదన ఉంటే అది వేరుగా, అంకెలతో జరగాలి.

మనుషులుగా చేర్చుకోవడమంటే నెత్తిన పెట్టుకోవడం అనుకునేవాళ్లు 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. ఒక ట్రాన్స్ మహిళ భర్త మీద, అత్తమామల మీద అత్తింటి వేధింపుల సెక్షన్ 498ఏ కింద కేసు పెట్టింది. పిల్లల్ని కనలేదు కాబట్టి ఆమె చట్టం దృష్టిలో స్త్రీ కాదని అవతలి పక్షం వాదించింది. జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప ఆ వాదనను తోసిపుచ్చారు. కన్నదీ కననిదీ బట్టి స్త్రీత్వాన్ని నిర్ణయించలేమని, ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకు ఉందని చెప్పారు. ఆ మాట చెప్పాక కేసు పత్రాలు చూశారు. వేధింపు గురించి ఆరోపణలు ముక్తసరిగా ఉన్నాయి, నిర్దిష్టమైన వివరాల్లేవు. అత్తింటి మీద కోర్టుకెక్కిన ఏ కోడలి కేసులోనైనా ఏం చేసేవారో ఇక్కడా అదే చేసి, ఆ కేసును కొట్టేశారు.