వార్ధక్యవేతనము కానుకయా?

నెల మొదటి దినమున ఆమదాలవలస వీధులు తెల్లవారకమున్నే మేలుకొనును. సచివాలయోద్యోగులు ఇంటింటికిని వచ్చి వృద్ధుల వ్రేలిముద్ర గైకొని నాలుగువేల రూపాయలు చేతిలో నుంచిపోవుదురు. ఆ యిండ్లలో పెక్కింట కొడుకులు లేరు; శ్రీకాకుళం రోడ్డను పేరుగల యీ యూరి స్టేషనులో రైలెక్కి, హైదరాబాదునకో చెన్నపట్టణమునకో కూలికి తరలిపోయిరి. దీనిని అరుగుమీదనుండి చూచుచు, “సర్కారు సొమ్మును పప్పుబెల్లములవలె పంచుచున్నారు” అని విసుగుకొను పెద్దలను మే మెఱుగుదుము. వారిలో కొందఱు సర్కారు పింఛను పుచ్చుకొనువారే!

అయ్యా, ధరలు పెరిగినప్పుడెల్ల మీ పింఛనునకు కరవు భత్యము చేరవలెనందురు గదా. నలుబదియేండ్లు వరినాట్లు వేసిన అవ్వకు చేరవలదా? కేంద్రప్రభుత్వము తన భాగమును 2006లో నెలకు 200 రూపాయలు చేసెను. ఎనుబదియేండ్లు నిండనివారికి నేటికిని అదియే. మిగిలినది రాష్ట్రము దయ. 2014లో 200 నుండి 1000, 2019లో 2000, 2024లో మొదట 3000, జూలై నుండి 4000 అయ్యెను. నడుమ కొన్ని చిన్న పెంపు లున్నను, ఈ సంవత్సరములను ఎన్నికల సంవత్సరములతో సరిచూడుడు. ఒక ప్రభుత్వము దీనిని ‘కానుక’ యనెను, వేఱొకటి ‘భరోసా’ యనెను. రెంటికిని నాయకుల పేర్లు తగిలించిరి. అగ్గిపెట్టె కొన్నప్పుడెల్ల పన్ను కట్టిన మనిషికి కానుకయట!

హక్కుగా వచ్చునవైనను భద్రములని చెప్పజాలము. ఈ యూరి సహకార చక్కెర కర్మాగార మేనాడో మూతపడినది. అట్టి కర్మాగారములలో పనిచేసినవారికి 1995 నాటి పథకము క్రింద కనిష్ఠ పింఛను 1000 రూపాయలని 2014లో నిర్ణయించిరి. అది ధరలతోపాటు పెరుగు నియమము లేదు. 2004 సెప్టెంబరు 1 మొదలు రాష్ట్రోద్యోగమున జేరినవారి పింఛనును, జీతమున నూటికి పదివంతులు కట్టించి, షేర్ల బజారు ఫలితమునకు ముడిపెట్టిరి. బజారు కూలిన యేట విరమించినవాని గతి యేమి? వారు పోరాడిరి, చివరి మూలవేతనమున సగమునకు హామీ యిచ్చు చట్టము 2023లో వచ్చినది. వారికి సంఘములున్నవి. అవ్వకు లేదు.

ధనమెక్కడిదని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున స్త్రీకి సగటున 1.7 బిడ్డలు, జనసంఖ్య తరుగక నిలుచుటకు 2.1 కావలెను. పనిచేయువారు తగ్గి వృద్ధులు పెరిగిననాడు, ఏటి పన్నును ఆ యేడే పంచు పద్ధతి పడుచువారి వీపు వంచును. స్థానికపు టెన్నికలలో ఇద్దఱు బిడ్డల నిబంధనను 2024లో ఎత్తివైచిరి; అది మంచిదే. కాని మఱి కొందఱిని కనుడని బోధించుట, స్త్రీ గర్భమును ఖజానాకు జామీను పెట్టుటయే. నేడు పుట్టిన బిడ్డ ఇరువదియేండ్లకుగాని సంపాదింపడు. ముగ్గురు కొడుకులను కన్న తల్లులును ఈ యూర గడపలలో ఒంటరిగనే కూర్చున్నారు.

1889లో జర్మనీ, కార్మికునిచే యజమానిచే కట్టించి, ప్రభుత్వమును భాగము వేసి, డెబ్బదియేండ్లవారికి పింఛను నేర్పఱచెను. 1923లో ద్రవ్యము విలువ కూలి నిధి కాగితమైపోయెను; హక్కు చట్టమున నున్నందున ఏర్పాటు నిలిచెను. కావున నిధియొక్కటే చాలదు, హక్కొక్కటే చాలదు. పింఛనును ధరల సూచికకు చట్టముచే బిగింపవలెను. కేంద్రము తన 200ను చూచి సిగ్గుపడవలెను. పడుచువా రధికముగా నున్న యీ కాలముననే ఏటేట కొంత విడిగా నిలువచేసి, దానిని ఏ మంత్రియు ముట్టకుండ శాసింపవలెను.

అరుగుమీది పెద్దలు తమ కరవు భత్యపు బాకీని గూర్చి త్వరలో మరల అర్జీ వ్రాయుదురు. వ్రాయవలసినదే. అందు అవ్వ పేరునగూడ ఒక పంక్తి చేర్పుడని మా మనవి.