చలిజ్వరమా? ముందు రక్తపరీక్ష!

మార్కాపురం, గిద్దలూరు, కంభం కాలేజీల్లో చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! జ్వరంతో ఆస్పత్రి ఓపీకి వచ్చినవాళ్ల రక్తం పరీక్షించి, ఎంతమందిలో మలేరియా క్రిమి ఉందో లెక్క తీస్తారు. అది చిన్న అంకె అయితే హమ్మయ్య అనుకుంటాం. కానీ ఓపీ చీటీ తీసుకున్నవాళ్లే ఆ లెక్కకు ఎక్కుతారు. దోర్నాల, యర్రగొండపాలెం అడవుల చెంచుగూడేల్లో కూలి పోతుందని ఒళ్లు కాలుతున్నా పనికి పోయే మనిషి, ఏదో బిళ్ల మింగి దుప్పటి కప్పుకునే తల్లి అందులో ఉండరు. వాళ్లను లెక్కలోకి తేవలసింది మీరే!

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ క్రిమిని పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా పరీక్ష అందక ఒక బిడ్డ చలికి వణికితే అది మనందరి తప్పు.

కరువు సీమలో దోమలెక్కడివని అనుకోకండి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక డ్రమ్ముల్లో, తొట్లలో నీళ్లు దాచుకునే ఊళ్లు మనవి. మలేరియా దోమకు మురుగు అక్కర్లేదు, మూతలేని మంచినీళ్లు చాలు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పెట్టింది అందుకే. నీళ్లు కొనుక్కున్న ఇల్లాలిని పారబోయమని చెప్పకండి, ఆ మాట ఎవరూ వినరు. ఆ నీళ్లు బిందెల్లోకి వడకట్టి, తొట్టి తోమి ఆరబెట్టి, గుడ్డ కట్టి ఇవ్వండి. పాత పలకల గనుల గుంతల్లో వాన నీళ్లు నిలిస్తే దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలమని పంచాయతీని అడగండి. వదిలేదాకా అడగండి!

జ్వరం వచ్చిన రోజే ఆశా అక్కను పిలవండి. వేలికొన నెత్తురు చుక్కతో కిట్టు మీద అరగంటలోపే తేలిపోతుంది. ఫాల్సిపారం రకం మలేరియా అయితే ఆలస్యం ప్రాణం తీస్తుంది. వైవాక్స్ రకం కాలేయంలో నక్కి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే దానికి ప్రైమాక్విన్ 14 రోజులు రాస్తారు. మూడో రోజుకు జ్వరం దిగిందని చాలామంది మిగతా బిళ్లలు గూట్లో పెట్టేస్తారు. మనం ఓడిపోతున్నది అక్కడే. డాక్టరు రాసిన ఆఖరి బిళ్లదాకా రోజూ వెళ్లి మింగించండి.

2030 నాటికి మలేరియాను తుడిచిపెడతామని దేశం మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టేది మీ కాళ్లే. వచ్చే సెలవు రోజున ఆశా అక్కతో కలిసి ఒక్క గూడేనికి వెళ్లండి. జ్వరమున్న ప్రతి ఇంటా రక్తపరీక్ష జరిగాకే తిరిగి రండి.