పై కాగితం – లోపలి రుచి

‘రుచి’ అనే పదానికి నిఘంటువులు కాంతి, కోరిక, ఇష్టం అనే అర్థాలను కూడా చెబుతాయి. ప్రకాశించడం అనే అర్థం గల ధాతువు నుండి పుట్టిన మాట అది. నాలుకకు నచ్చినదాన్ని మన పూర్వులు వెలుగుతో ముడిపెట్టి చెప్పుకున్నారన్నమాట. నేటి అంగడిలో ఈ క్రమం తలక్రిందులైనది. కంటికి మెరిసినదే నాలుకకు నచ్చి తీరాలని మనం నమ్ముతున్నాము. మెరిసేది తినుబండారమా, దానికి చుట్టిన కాగితమా అని ఆలోచించే తీరిక కూడా మనకు లేకుండా పోతున్నది.

ఈ ఆలోచన నాలో కలగడానికి ఒక చిన్న సంఘటన కారణం. కళాశాలలో విరామ సమయాన ఒక విద్యార్థి మెట్ల మీద కూర్చొని ప్రోటీన్ బార్ తింటున్నాడు. దానికి పై కాగితం లేదు. అదేమిటని అడిగితే జేబులో నుండి నలిగిన కాగితాన్ని తీసి చూపించాడు. దాని మీద పేరు పొందిన కంపెనీ ముద్ర లేదు. సరకులమ్మే ఒక పెద్ద దుకాణం తన సొంత పేరుతో అమ్మే చవక రకం అది. “పేరు చూస్తే నవ్వుతారు సార్” అన్నాడు. అతనికి కొంత దూరంలో ఒక విద్యార్థిని ఇంటి నుండి తెచ్చుకున్న వేరుశనగ అచ్చును చున్నీ చాటున కొరుకుతున్నది. ఆకలి సిగ్గుపడవలసిన విషయం కాదు. తక్కువ ఖర్చుతో ఆకలి తీర్చుకోవడం అంతకన్నా కాదు. అయినా ఆ ఇద్దరూ తమ తిండిని దాచుకొని తింటున్నారు. వారిని సిగ్గుపడేలా చేసినది తిండి కాదు, దాని మీది పేరు.

ఈ బార్ల పుట్టుక తెలిస్తే వాటి ప్రయోజనం ఏమిటో అర్థమవుతుంది. బ్రయాన్ మాక్స్‌వెల్ అనే కెనడా దేశపు మారథాన్ క్రీడాకారుడు 1983లో ఒక పోటీలో చివరి మైళ్లకు వచ్చేసరికి శక్తి ఉడిగి వెనుకబడ్డాడు. పరుగెత్తేవారికి తేలికగా అరిగి, వెంటనే శక్తినిచ్చే ఆహారం కావాలని తలచి, 1986లో కాలిఫోర్నియాలో ‘పవర్ బార్’ను అమ్మకానికి తెచ్చాడు. తరువాత కండలు పెంచేవారి కోసం మాంసకృత్తులు ఎక్కువగా కలిపిన బార్లు వచ్చాయి. అనంతరం అవి ఆఫీసులకూ, తరగతి గదులకూ చేరాయి. మైళ్ల కొద్దీ పరుగెత్తేవారి కోసం పుట్టిన తిండి బల్ల ముందు కూర్చొని చదువుకొనేవారి చేతికి వచ్చింది. ఇక దుకాణపు సొంత ముద్ర గల రకాలను ఆ దుకాణం తరచుగా వేరొక కర్మాగారంలో చేయించి, తన పేరు వేసుకొని అమ్ముతుంది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు ఉండదు కాబట్టి వాటి ధర తక్కువ. ధర తగ్గినంత మాత్రాన నాణ్యత తగ్గిందని ముందే తీర్మానించడం తర్కం కాదు.

తీర్మానం నాలుకకే వదలుదామని ఒకనాడు తరగతిలో ఒక పరీక్ష పెట్టాను. పేరున్న కంపెనీ బార్ ఒకటి, రెండు వేర్వేరు దుకాణాల సొంత ముద్ర గల చవక బార్లు, వాటితోపాటు బెల్లం పాకంతో చేసిన వేరుశనగ అచ్చు తెప్పించాను. వేరుశనగ, పాలు, సోయా పడనివారిని ముందే అడిగి తెలుసుకొని, వారికి లెక్కలు వ్రాసే పని అప్పగించాను. కాగితాలు తీసివేసి, ముక్కలుగా కోసి, నాలుగు పళ్లేలలో పెట్టి అంకెలు మాత్రం వేశాము. ముక్కకూ ముక్కకూ నడుమ నీళ్లు త్రాగాలి. అందరూ వ్రాసేవరకు ఎవరూ మాట్లాడరాదు. ‘బాగుంది’ అని వ్రాస్తే చాలదు, ఎందుకు బాగుందో వ్రాయాలి. ఇవే నియమాలు.

వారు వ్రాసిన మాటలు చదివి నాకు ముచ్చట వేసింది. “సుద్దముక్క నమిలినట్లున్నది” అని ఒకరు, “పళ్లకు బంకలా పట్టుకున్నది” అని మరొకరు, “తీపి పోయినా చేదు పోలేదు” అని ఇంకొకరు వ్రాశారు. పేరున్న బార్‌ను తాను ఇట్టే పోల్చగలనని పందెం కాసిన విద్యార్థి చవక రకాన్ని చూపించి ‘ఇదే అది’ అన్నాడు. ఎక్కువమంది మెచ్చిన బార్ కూడా ఆ చవక రకమే. అయితే అన్నింటికన్నా చివర నిలిచినది మరొక చవక రకం. అంటే చవక అంతా మేలు కాదు, ప్రియమైనదంతా గొప్ప కాదు. వేరుశనగ అచ్చును మాత్రం అందరూ చూడగానే పోల్చుకున్నారు. కాబట్టి దాని విషయంలో మా పరీక్ష నిష్పాక్షికం కాదని ఒప్పుకోవాలి. దానిని మెచ్చినవారు చాలామందే; మరీ గట్టిగా ఉన్నదని పెదవి విరిచినవారూ ఉన్నారు.

ఆ సుద్దరుచికీ, ఆ చేదుకూ కారణాలు కాగితం వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉన్నాయి. పాల విరుగు తేట నుండి గానీ, సోయా చిక్కుడు నుండి గానీ తీసిన మాంసకృత్తుల పొడి తేమను పీల్చుకొంటుంది. అందువల్ల బార్ నిలువ ఉన్నకొద్దీ బిరుసెక్కుతుంది. చక్కెర తగ్గించామని చెప్పుకొనేవారు దాని స్థానంలో మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలను వాడుతారు. ఇవి ఎక్కువైతే విరేచనాలు కావచ్చు. కొన్ని రకాలలో పైన పూసినది అసలైన చాక్లెట్ కాదు. కోకో పొడి కలిపిన తాటిజాతి నూనె పూత.

విద్యార్థులారా! ముందువైపు అక్షరాలు అమ్మేవారి కోసం, వెనుకవైపు అక్షరాలు కొనేవారి కోసం. దినుసుల పట్టికలో ఏది బరువులో ఎక్కువో అది ముందు వ్రాయాలన్నది నియమం. ‘ప్రోటీన్’ అని పెద్దగా అచ్చు వేసిన బార్ పట్టికలో మొదటి పేరు చక్కెర పాకమైతే అది తీపి మిఠాయియే. పిదప లెక్క వేయండి. మేము కొన్న పేరున్న బార్ ధర 100 రూపాయలు, అందులో మాంసకృత్తులు 12 గ్రాములు. మెప్పు పొందిన చవక బార్ 40 రూపాయలు, 10 గ్రాములు. అంటే మొదటిదానిలో గ్రాముకు ఎనిమిది రూపాయలకు పైగా, రెండవదానిలో నాలుగు రూపాయలు పడింది. వంద గ్రాముల వేరుశనగ గింజలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కిలో 160 రూపాయలనుకున్నా గ్రాముకు రూపాయి కూడా పడదు.

అంతమాత్రాన అచ్చును ఆకాశానికెత్తడం కూడా న్యాయం కాదు. 30 గ్రాముల అచ్చు తింటే లభించే మాంసకృత్తులు నాలుగైదు గ్రాములకు మించవు. బెల్లం కూడా తీపియే. అతిగా తింటే చక్కెర చేసే కీడే చేస్తుంది. వేరుశనగలో లైసిన్ అనే అంశం తక్కువ. ఆ లోటును పుట్నాలు, పప్పులు పూరిస్తాయి. ‘ఇది మనది, అది పరాయిది’ అనే వాదం కూడా నిలువదు. అనంతపురం నేలకు అంతగా అలవాటైన వేరుశనగ అసలు దక్షిణ అమెరికా నుండి వచ్చిన పంట. కొలిచేటప్పుడు అన్నింటికీ ఒకే కొలబద్ద ఉండాలి.

మీ వయసువారికి ఎంత కావాలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో చెప్పాయి. 16 నుండి 18 ఏండ్ల బాలురకు రోజుకు సుమారు 55 గ్రాములు, బాలికలకు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అన్నం, పప్పు, పెరుగు, ఒక గ్రుడ్డు, గుప్పెడు శనగలు తినే పిల్లలు ఈ లెక్కకు చేరువ కావడం కష్టం కాదు. గ్రుడ్డు ఒక్కటే ఆరు గ్రాములనిస్తుంది. మధ్యాహ్న భోజనం మాని, ఆ డబ్బుతో బార్ కొని తినే విద్యార్థులను నేను చూశాను. వారు పోషకాహారం తింటున్నామనుకొంటూ పస్తుంటున్నారు. బార్ ప్రయాణంలోనో, ఆటల తరువాతనో పనికివస్తుంది. భోజనానికి బదులు కాదు.

తిండికి గౌరవం ఎక్కడి నుండి వస్తుందో సాహిత్య చరిత్ర కూడా చెబుతుంది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పలనాటి జొన్నకూడును ఎగతాళి చేశాయి. అదే జొన్నను నేడు నగరాలలో మెరిసే సంచులలో నింపి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్నగింజ మారలేదు, చూచే కన్ను మారింది. నేడు మీరు చాటున తినే వేరుశనగ అచ్చును రేపు ఎవరో బంగారు రంగు కాగితంలో చుట్టి మీకే అమ్మవచ్చు. అప్పుడు దానిని అందరి ఎదుట తినడానికి సిగ్గుపడరు కదా!

పరీక్ష ముగిసిన తరువాత, అందరూ మెచ్చిన బార్ ఏదో చెప్పి దాని కాగితాన్ని బల్ల మీద పెట్టాను. మెట్ల మీద కూర్చొన్న విద్యార్థి జేబులో నలిగినది కూడా అదే కాగితం. అతడు ఏమీ అనలేదు. తలెత్తి చూశాడు, అంతే. తోటివాని పళ్లెం మీది పేరు చూసి నవ్వడం సంస్కారం కాదు. ఆ నవ్వుకు భయపడి తిండిని దాచుకోవడం వివేకమూ కాదు. ఈసారి ఏదైనా కొనేటప్పుడు కాగితాన్ని వెనుకకు త్రిప్పి చదవండి. తినేటప్పుడు ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టి, మీ నాలుక చెప్పేది వినండి.